మల్కిభరామ శబ్దము

గోలకొండ నేలిన యిబ్రాహీం కుతుబ్‌షా (1550–1580) తెలుఁగు కవులకు మల్కిభరాముఁడు. రాజ్యమునకు రాకమున్ను విజయనగరమున అళియ రామరాయల యాశ్రయమున నున్నవాఁడగుటచేఁ దెలుఁగు సభల మర్యాద యెఱింగినవాఁడు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమున కితఁడే కృతిపతి. ఈ పేరును శిష్యులకు వివరించుచు నేనొకప్పుడు "ఇభములయందు రమించువాఁడు ఇభరాముఁడు" అని విగ్రహము చెప్పితిని. గజబలముగల రాజున కది తగియున్నదని సంతసించితిని గూడ. అది తప్పు.

మలిక్ అనఁగా అరబ్బీభాషలో రాజు. మలిక్ ఇబ్రాహీం అను రెండు పదములు కలిసి మల్కిబ్రాహీం అయినవి. హకారపు ఊఁపిరి ముందున్న బకారమున కెక్కి భకారమైనది. సంయుక్తాక్షరము విడిపోయి "భరా" యైనది. కావున "మల్కి" యందలి యికారము మలిక్ శబ్దమునది కాదు, ఇబ్రాహీమునది. ఇభమునకును రామునకును నిందుఁ జోటు లేదు.

మఱి యిబ్రాహీం శబ్దమున కర్థమేమి? ముహమ్మదు, మహమూదు అను పేర్లు స్తుత్యర్థకమగు హ-మ-ద ధాతువునుండి మన కృదంతములవలెఁ బుట్టినవి. ఇది యట్టిది కాదు. "అబ్ రహీం", దయగల తండ్రి, యని చెప్పువారు కలరు. కాని రహీములోని హకారము కంఠమధ్యమునఁ బుట్టునది. ఇబ్రాహీములోనిది కంఠపు అడుగునఁ బుట్టునది. అరబ్బీలో నివి వేఱువేఱు వర్ణములు. మనకు హకార మొక్కటియే యగుటచే నీ భేదము చెవికందదు.

అరబ్బీ వైయాకరణులు దీనిని అన్యదేశ్యముగానే గ్రహించిరి. వారి భాషలో విభక్తులు మూఁడు. ముహమ్మదున్, ముహమ్మదన్, ముహమ్మదిన్ అని మూఁడు రూపములును నకారాంతములుగా వచ్చును. ఇబ్రాహీమునకో, ఇబ్రాహీము, ఇబ్రాహీమ అని రెండే. నకారము లేదు, షష్ఠియందుఁ గూడ ద్వితీయారూపమే. మూఁడు హల్లులకు మించిన అన్యదేశ్య నామమున కిది నియమము. నూహ్, లూత్ అనునవియు అన్యదేశ్యములే యైనను మూఁడక్షరములవగుటచే నూహున్ అని పూర్ణరూపములు పొందుచున్నవి. ఎంత సూక్ష్మమైన విధి!

మూలము హీబ్రూభాష. ఆదికాండము 17వ అధ్యాయమున అబ్రామను పేరు అబ్రాహామని మాఱినట్లును, అనేక జనములకుఁ దండ్రి యగుట దానికి హేతువైనట్లును గలదు. అబ్రామునకు "ఉన్నతుఁడగు తండ్రి" యను నర్థము సుకరము. అబ్రాహామునకుఁ జెప్పిన యర్థము మాత్రము ధ్వనిసామ్యముచే వచ్చినదే కాని ధాతుసిద్ధము కాదని శబ్దజ్ఞుల తలంపు. నాకును అట్లే తోఁచుచున్నది.

నామములన్నియు ధాతుజములని శాకటాయనుఁడును, అన్నియుఁ గావని గార్గ్యుఁడును వాదించినట్లు యాస్కుఁడు నిరుక్తమునఁ జూపినాఁడు. ఇన్నాళ్లు శాకటాయన పక్షపాతినై పాఠము చెప్పిన నేను ఈ యొక్క పేరు కడ గార్గ్యుని పక్షము చేరవలసివచ్చినది.