తెలుగు తత్వాల్లో సూఫీ, తాంత్రిక ఛాయలు

తత్వాలు గురుశిష్య పరంపరల్లో పుట్టి, భజన బృందాల నోట నిలిచిన తెలుగు మార్మిక గీతాలు. సూఫీ చింతన, శైవ శాక్త యోగం కలగలిసిన జావా 'సులుక్' కవితలకు తెలుగులో దగ్గరి చుట్టం తత్వమే.

తత్వంలో దేహం తొమ్మిది వాకిళ్ల ఇల్లు. మూలాధారం నుంచి ఆజ్ఞ దాకా ఆరు చక్రాలు, ఆపైన సహస్రారం, ఇడ, పింగళ, సుషుమ్న నాడులు, ఊపిరితో సాగే హంస జపం... ఇదంతా తాంత్రిక యోగ పరిభాష. పాడేవాళ్లకు సంస్కృత గ్రంథాలతో పనిలేదు. తంబురా, తాళాలు, గురువు చెవిలో చెప్పిన గుట్టు చాలు.

ఈ యోగ పరిభాషకూ సూఫీ చింతనకూ కలయికగా నిండైన రూపం పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి, ఆయన శిష్యుడు సిద్ధయ్య. కాలం 17వ శతాబ్దమని సంప్రదాయం. కాళికాంబ పేర సప్తశతి చెప్పిన గురువు విశ్వబ్రాహ్మణుడు. శిష్యుడు కడప సీమలోని ముడుమాలలో దూదేకుల ఇంట పుట్టినవాడు. గుంటూరు, ప్రకాశం పత్తి నేలల్లో నూర్‌బాషాలుగా పిలిచే ఈ దూదేకుల ముస్లింల పాత వృత్తి దూది ఏకడం, ఇంటిభాష తెలుగు. తత్వం వీరికి పరాయి పాట కాదు. బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ (1920–1997) పుట్టింది గుంటూరు జిల్లా పొన్నెకల్లులో, ఈ సమాజంలోనే.

సూఫీల్లో గురువైన పీరుకూ శిష్యుడైన మురీదుకూ ఉన్న బంధం తత్వాల గురుశిష్యుల బంధాన్ని, దైవనామాన్ని పదేపదే స్మరించే జిక్ర్ జపాన్ని గుర్తుచేస్తాయి. పోలిక ఉన్న ప్రతిచోటా అరువు ఉందనుకోవడం మాత్రం తొందరపాటే. సూఫీ ధార సూటిగా కనిపించేది పిఠాపురం పీఠాధిపతి ఉమర్ అలీషా (1885–1945) రచనల్లో. పారశీక కవి ఉమర్ ఖయ్యాం రుబాయీలను (నాలుగు పాదాల పద్యాలను) ఆయన తెలుగు పద్యాల్లోకి తెచ్చారు.