బూజే ఇల్లు.. సూక్ష్మజీవులే అద్దెదారులు! భీమవరం శాస్త్రవేత్త పేరున్న ఫంగస్ చెప్పే సంగతేంటి?

పచ్చడి జాడీలో బూజు కనిపిస్తే వెంటనే తీసి పారేస్తాం. కానీ బయోటెక్నాలజీ ల్యాబుల్లో కొన్ని రకాల బూజును పనిగట్టుకుని పెంచుతున్నారు. వేరే జీవకణాలు కొట్టుకుపోకుండా ఒకచోట నిలబడి పని చేసేందుకు దాన్ని ఆసరాగా వాడుతున్నారు. ఈ టెక్నాలజీ ఏంటి? గోదావరి జిల్లాలతో దీనికి లింకేంటి? చెరువుల రైతులకు, ఫ్యాక్టరీలకు ఎప్పటికైనా ఉపయోగపడుతుందా? పూర్తి వివరాలు చూద్దాం.

ఆ ఫంగస్‌కు సుబ్బారావు పేరు

ప్రముఖ శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. కొంతకాలం రాజమండ్రిలో చదువుకున్నారు. తర్వాత అమెరికా వెళ్లి లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. 1948లో వెలుగులోకి వచ్చిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఆ ల్యాబ్ నుంచి వచ్చిందే. అదే ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశారు.

ఆయన చనిపోయిన ఐదేళ్లకు, 1953లో, హెసెల్‌టైన్ అనే శిలీంధ్ర శాస్త్రవేత్త ఓ కొత్త ఫంగస్‌ను వర్ణిస్తూ దానికి సుబ్బారావు గౌరవార్థం 'సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్' అని పేరు పెట్టారు. అది దొరికింది అడవిలో కాదు.. మురుగునీటిని శుద్ధి చేసే ట్రిక్లింగ్ ఫిల్టర్‌లో!

ట్రిక్లింగ్ ఫిల్టర్ అంటే పెద్ద తొట్టిలో రాళ్లు పరిచి, పైనుంచి మురుగునీటిని చిలకరించే ఏర్పాటు. కొన్నాళ్లకు రాళ్ల మీద జిగురు పొర పేరుకుంటుంది. అందులో బ్యాక్టీరియా, ఫంగస్, ఇతర సూక్ష్మజీవులు కలిసి కాపురం పెడతాయి. నీళ్లు కిందికి జారుతుంటే అందులోని మలినాలను అవి తినేస్తాయి. నీళ్లు పోతాయి, పనివాళ్లు మాత్రం అక్కడే ఉంటారు. ఈ టెక్నాలజీ మొత్తానికి మూలసూత్రం ఇదే.

కణాలకు ఆసరా ఎందుకు?

ఈస్ట్ అయినా, బ్యాక్టీరియా అయినా కంటికి కనిపించనంత చిన్నవి. వాటిని ట్యాంకులో వదిలితే నీళ్లతో పాటే బయటికి పోతాయి. కాలువలో ధాన్యం గింజలు చల్లి మళ్లీ ఏరుకోవాలంటే ఎంత కష్టమో, ఇదీ అంతే. ప్రతిసారీ కొత్తగా పెంచుకోవాలి, లేదా ఖరీదైన యంత్రాలతో వడకట్టాలి.

అందుకే కణాలను ఏదో ఒకదానికి అంటిపెట్టి ఉంచుతారు. దీన్ని ఇమ్మొబిలైజేషన్ అంటారు. ఇందుకోసం ఎక్కువగా వాడేది సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్. దీంతో సగ్గుబియ్యం లాంటి జెల్ పూసలు చేసి, వాటి లోపల కణాలను బంధిస్తారు. ఇందులో ఇబ్బందులూ ఉన్నాయి. పూస లోపలి దాకా ఆహారం, ఆక్సిజన్ సరిగా అందవు. ఈస్ట్ వదిలే గ్యాస్ వల్ల పూసలు పగిలిపోతాయి. ముడిసరుకు ఖర్చు సరేసరి.

బూజు ఉండ ఎలా పనిచేస్తుంది?

ఫంగస్ సన్నని దారాలుగా పెరుగుతుంది. వాటిని హైఫే అంటారు. ద్రవంలో వేసి కదుపుతూ పెంచితే, కొన్ని రకాల్లో ఆ దారాలు ఒకదానికొకటి చుట్టుకుని చిన్న చిన్న ఉండలుగా మారతాయి. కోనసీమలో కొబ్బరి పీచును ఉండలా చుడితే ఎలా ఉంటుందో, మైక్రోస్కోప్‌లో ఇది దాదాపు అలాగే కనిపిస్తుంది. మధ్యలో బోలెడు ఖాళీలు. ఆ సందుల్లోకి కణాలు దూరి దారాలకు అతుక్కుంటాయి. ఆహారం, గాలి లోపలికి వెళ్లే దారి ఉంటుంది. ఉండ మిల్లీమీటర్లలో ఉంటుంది కాబట్టి మామూలు జల్లెడతో తీసేయొచ్చు.

దారాల గోడలు కైటిన్, గ్లూకాన్ అనే పదార్థాలతో తయారవుతాయి. రొయ్య పెంకులో ఉండేదీ ఈ కైటినే. గట్టిగా ఉంటుంది, పని అయ్యాక మట్టిలో కలిసిపోతుంది.

స్పెయిన్‌లో ఏం చేశారు?

స్పెయిన్‌లోని కోర్డోబా యూనివర్సిటీ పరిశోధకులు 2006లో 'ఈస్ట్ బయోక్యాప్సూల్స్' పద్ధతిని వివరించారు. పెనిసీలియం క్రైసోజీనం అనే బూజును, వైన్ తయారీలో వాడే ఈస్ట్‌ను కలిపి పెంచారు. ఆహారంగా గ్లూకోనిక్ యాసిడ్ ఇచ్చారు. దాన్ని బూజు తినగలదు కానీ ఈస్ట్ తినలేదు. దాంతో బూజు పెరుగుతూ ఈస్ట్‌ను తన దారాల్లో ఇముడ్చుకుంది. తయారైన బోలు గోళాలను చక్కెర ద్రావణంలో వేస్తే ఈస్ట్ పని మొదలుపెట్టింది. బూజు క్రమంగా చనిపోయి గూడులా మిగిలింది. ఒకసారి వాడిన గోళాలను తీసి మళ్లీ వాడుకోవచ్చు. వైన్, ఆల్కహాల్ తయారీలో దీన్ని పరీక్షించారు.

నాచు విషయంలోనూ ఇదే ఐడియా పనిచేసింది. క్లోరెల్లా లాంటి సూక్ష్మ నాచు మురుగులోని నత్రజని, ఫాస్ఫరస్‌ను పీల్చుకుంటుంది కానీ దాన్ని నీటి నుంచి వేరు చేయడమే పెద్ద ఖర్చు. ఆస్పర్‌జిల్లస్ నైజర్ ఉండలను కలిపితే నాచు వాటికి అతుక్కుని, సులువుగా బయటికి వస్తుంది.

డెల్టాకు ఇది ఎందుకు ముఖ్యం?

గోదావరి డెల్టాలో నీళ్ల గొడవ కొత్తది కాదు. భీమవరం దగ్గర తుందుర్రు ప్రాంత ప్రజలు ఆక్వా ఫుడ్ పార్క్ వ్యర్థాలు గొంతేరు డ్రెయిన్‌లో కలుస్తాయన్న భయంతో ఏళ్ల తరబడి ఆందోళన చేశారు. చెరువుల నీళ్లు, మిల్లుల నీళ్లు, ఊళ్ల మురుగు.. అన్నీ చివరికి చేరేది ఆ డ్రెయిన్లలోకే.

రొయ్యల చెరువులో మేత మిగిలితే, విసర్జితాలు పేరుకుంటే అమ్మోనియా పెరుగుతుంది. దాన్ని మార్చే బ్యాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతుంది. రైతులు ప్రోబయోటిక్స్ కొని చల్లుతారు. నీళ్లు మార్చితే అందులో కొంత భాగం నీటితో పాటే పోతుంది. అలాంటి బ్యాక్టీరియాను ఒకచోట నిలబెట్టే ఆసరా చవగ్గా దొరికితే ఆ డబ్బు నీళ్లపాలు కాకుండా ఉంటుంది. డ్రెయిన్‌లోకి వెళ్లే నీళ్లనూ ముందే శుద్ధి చేయొచ్చు.

ఆల్కహాల్ తయారీలోనూ అంతే. మొలాసిస్ నుంచి ఒక లీటరు ఆల్కహాల్ తీస్తే సుమారు 10 నుంచి 15 లీటర్ల స్పెంట్ వాష్ అనే ముదురు రంగు వ్యర్థ ద్రవం మిగులుతుంది. దాని రంగును తగ్గించడంలో వైట్ రాట్ రకం ఫంగస్‌లపై చాలాకాలంగా పరిశోధనలు సాగుతున్నాయి.

ఫంగస్‌ను పెంచడానికి కావాల్సిన తవుడు, నూక, వరిగడ్డి డెల్టాలో కొదవ లేదు. వరిగడ్డి మీద పుట్టగొడుగులు పెంచడం ఇక్కడి వాళ్లకు తెలిసిన పనే. పుట్టగొడుగు కూడా ఫంగసే కదా!

జాగ్రత్తలు తప్పనిసరి

అలాగని ఏ బూజు పడితే ఆ బూజు వాడకూడదు. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే రకం అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. తడిసిన మేతకు పట్టే ప్రమాదకరమైన బూజుల్లో ఇదొకటి. ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ బీజాలు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. యాంటీబయాటిక్ ఫ్యాక్టరీల్లో మిగిలిన బూజును వాడితే మందు అవశేషాలు నీళ్లలోకి చేరే ముప్పుంది.

ఇంకో సమస్య కూడా ఉంది. బతికున్న ఫంగస్ ఆక్సిజన్ వాడుకుంటుంది. చెరువులో తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే ఏమవుతుందో రైతులకు చెప్పక్కర్లేదు. అందుకే దీన్ని నేరుగా చెరువులో కాకుండా, పక్కన విడిగా పెట్టే ఫిల్టర్ ట్యాంకులో వాడటమే మేలు. ట్యాంకులో కూడా బూజు మరీ పెరిగితే దారులు మూసుకుపోయి నీళ్లు నిలిచిపోతాయి. ట్రిక్లింగ్ ఫిల్టర్లలో ఇది పాత సమస్యే.

ఎవరైనా అమ్మకానికి వస్తే ఇవి అడగండి

ఫంగస్ ఆధారిత ఉత్పత్తి అంటూ ఎవరైనా వస్తే నాలుగు ప్రశ్నలు వేయాలి. అందులో ఉన్న ఫంగస్ జాతి పేరేంటి? అది విషాలు తయారు చేయదని పరీక్ష చేసిన రిపోర్ట్ ఉందా? ఉండలు ఎన్నిసార్లు వాడితే చిట్లిపోతాయి? వాడేసిన వాటిని ఎక్కడ పారేయాలి? వీటికి కాగితం మీద జవాబు వస్తేనే ముందుకు వెళ్లాలి. ప్యాకెట్ మీద బొమ్మ చూసి డబ్బులు పెడితే నష్టపోయేది రైతే.