పాత బాకుల పరీక్ష

కత్తి పదును నెరుగుట యోధుని పని. దాని పుట్టుక నెరుగుట చరిత్రకారుని పని. పశ్చిమాసియాకు చెందిన ఉస్మానీ తురుష్కుల బాకులను, కుర్దుల బాకులను గుర్తించు విధమును నేడు మనవి చేసెదను. ఉస్మానీలనే ఐరోపావారు ఒట్టోమనులందురు.

ఇస్తాంబూలు నగరమున తోప్‌కాపీ ప్రాసాదమందు పిడిపై మూడు పెద్ద మరకతములు పొదిగిన బాకు కలదు. 1739లో ఢిల్లీని కొల్లగొట్టిన నాదిర్షాకు సుల్తాను మొదటి మహమూదు దానిని కానుకగా పంపెను. 1747లో నాదిర్షా హతుడగుటచే అది మార్గమధ్యము నుండియే మరలివచ్చెను. అది రాజుల సొత్తు. సేకరణకర్తలకు సాధారణముగా దొరకునవి సామాన్యుల బాకులు.

కుర్దుల బాకునకు అలుగు వంపుగా నుండి రెండంచులను పదును కలిగియుండును. కొమ్ముతోగాని కొయ్యతోగాని చేసిన పిడి నడుమ సన్నగిలి, రెండు కొనలను విశాలమై, డమరుకమును తలపించును. ఉస్మానీల యాతగాను అను పొట్టి కత్తికి పదును ఒకవైపే, అదియు వంపు లోపలివైపున నుండును. దాని పిడికొన రెండు చెవులవలె చీలియుండును.

కొన్ని అలుగులపై వెండితో పొదిగిన అక్షరములు, సంవత్సరము నుండును. ఆ సంవత్సరము హిజ్రీ శకమునకు చెందినది. 1200 అని యున్నచో అది క్రీ. శ. 1785-86 అగును. అయినను అంకె నొక్కదానినే నమ్మరాదు. తాళపత్రముల పరిష్కారమున నేను నేర్చిన సూత్ర మిచటను పనికివచ్చును: లేఖకుడు తుదను వ్రాసికొన్న సంవత్సరము కవికాలము కానేరదు. అట్లే అలుగొకచోటిది, పిడి వేరొకచోటిది, ఒర మరియొకనాటిది కావచ్చును. కావున ఒక్కొక్క యంగమును వేరువేరుగా పరీక్షింపవలయును.

కొన్ని మేలి అలుగులపై నీటి యలలవంటి చారలు కనబడును. అవి మూసలో కరగించిన ఉక్కు లక్షణములు. ఐరోపావారు దానికిడిన ఊట్జు అను పేరు దక్షిణదేశ భాషల ఉక్కు శబ్దమునకు వికృతి. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున ఇట్టి ఉక్కు తయారగుచుండెను. 19వ శతాబ్ది తొలిభాగమున పారసీక వర్తకులు అచటికే వచ్చి దానిని కొనిపోవుచుండిరి. పరదేశపు బాకునందును మన కమ్మరి చెమట కలదనుట అతిశయోక్తి కాదు.

కుర్దుల బాకును తురుష్కులదనియో పారసీకులదనియో చెప్పి అమ్ముట కలదు. 1920 నాటి సేవ్రు సంధి కుర్దుల ప్రత్యేక రాజ్యమునకు దారి చూపెను. 1923 నాటి లోజాను సంధిలో ఆ మాటయే లేదు. నేడు వారు తుర్కీ, ఇరాను, ఇరాకు, సిరియాలలో చెదరియున్నారు. రాజ్యము లేని జాతికి దాని చేతిపనియే సాక్ష్యము. ఆ సాక్ష్యమునకు వేరొకరి పేరు తగిలించుట అన్యాయము.

కడపట నొక విన్నపము. ఎవరి యింటనైనను పాత బాకున్నచో చింతపండుతోను ఇటుకపొడితోను తోమింపకుడు. అలలు అణగును, వెండి యక్షరములు ఊడును. పొడిగుడ్డతో తుడిచి, పలుచగా నూనె పూసి, దొరికిన చోటును, ఇచ్చినవారి మాటను కాగితముపై వ్రాసి దానితోనే యుంచుడు. చరిత్ర తెలిసిన తునుక యినుము, చరిత్ర తెలియని బంగారు పిడికంటె విలువైనది.