రబ్బరు మీటలు, గడికి రెండే రంగులు

1982 ఏప్రిల్ 23న ఇంగ్లండ్‌లో క్లైవ్ సింక్లెయిర్ కంపెనీ చిన్న నల్లపెట్టె ఒకటి విడుదల చేసింది. దాని పేరు జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్. 16 కిలోబైట్ల మెమరీ ఉన్నది 125 పౌండ్లు, 48 కిలోబైట్లది 175. విడిగా మానిటర్ ఉండదు, ఇంట్లో టీవీకే తగిలించుకోవాలి. డిస్కూ ఉండదు, పాటలు వినే టేప్‌రికార్డరే దిక్కు. ఇవాళ పొద్దున్నే ఫోన్లో వచ్చిపడే గుడ్‌మార్నింగ్ ఫొటోలు చాలావరకు ఆ 48 కిలోబైట్లలో పట్టవు.

దీని అన్న 1981 నాటి జడ్‌ఎక్స్81 మరీ బీదది. రంగుల్లేవు, శబ్దం లేదు, మెమరీ ఒకే ఒక్క కిలోబైటు. టీవీ మీద బొమ్మ నిలబెట్టే పని కూడా ప్రాసెసరే చేయాలి. అందుకే లెక్క త్వరగా తేలాలంటే 'ఫాస్ట్' అని కొట్టి, తెర ఖాళీ అయిపోతే చూస్తూ కూర్చోవాలి. అయినా డేవిడ్ హార్న్ అనే ఆయన అందులో చదరంగం ఆడించాడు, అదీ 672 బైట్లలో! క్యాస్లింగ్ లాంటి కొన్ని నియమాలు వదిలేయక తప్పలేదనుకోండి.

స్పెక్ట్రమ్‌కి రంగులొచ్చాయి, చిక్కులూ వాటితోనే వచ్చాయి. తెర మీద చుక్కలు అడ్డంగా 256, నిలువుగా 192. ఒక్కో చుక్కకీ ఎనిమిది రంగుల్లో ఏదో ఒకటి ఇచ్చే స్వేచ్ఛ ఉండాలంటే ఒక్క తెరకే 18,432 బైట్లు కావాలి. చవక మోడల్లో ఉన్న మొత్తం మెమరీయే 16,384. అందుకని తెరను ఎనిమిదేసి చుక్కల గళ్లుగా కోసి, గడికి రెండే రంగులన్నారు. దాంతో తెర ఖర్చు 6,912 బైట్లకు దిగింది. ఫలితం? ఎర్రటి వీరుడు పచ్చటి చెట్టు పక్కకెళితే ఆ చెట్టు కొమ్మా ఎర్రబారేది, లేదంటే వీరుడే పచ్చబడేవాడు. 1984లో వచ్చిన 'నైట్ లోర్' ఆటలో ఈ గొడవే లేకుండా గది మొత్తాన్నీ ఒకే రంగులో గీసేశారు. చూసినవాళ్లు అదో కొత్త అందమనుకున్నారు. నిజానికి అది పిసినారితనానికి దొరికిన విరుగుడు.

ఆట ఎక్కించడం మరో తతంగం. క్యాసెట్ పెట్టి మీట నొక్కితే కీచుమని కూత, టీవీ అంచుల్లో ఎరుపు, లేత నీలం చారలు, ఆ తర్వాత పసుపు, నీలం చారలు. పెద్ద ఆటైతే నాలుగైదు నిమిషాలు పట్టేది. అంతా అయిందనుకున్నాక 'టేప్ లోడింగ్ ఎర్రర్' అని వచ్చిందా, వెనక్కి చుట్టి మళ్లీ మొదటికి! ఆ కూత అంటే ఇప్పుడు ముచ్చటపడేవాళ్లు ఈ భాగం మాత్రం నవ్వుతూ దాటేస్తారు.

మన బడులకు అదే కాలంలో అందింది వేరే యంత్రం. 1984లో కేంద్రప్రభుత్వం మొదలుపెట్టిన 'క్లాస్' పథకం బీబీసీ మైక్రోను ఎంచుకుంది. దాన్ని తయారుచేసిన ఏకార్న్‌దీ సింక్లెయిర్ ఊరే, కేంబ్రిడ్జే. ఈ రెండు కంపెనీలకూ బద్ధ వైరం.

1986లో సింక్లెయిర్ కంప్యూటర్ వ్యాపారం 50 లక్షల పౌండ్లకు ఆమ్‌స్ట్రాడ్ చేతికి పోయింది. 1992తో స్పెక్ట్రమ్ తయారీ ఆగింది. 2024 నవంబరులో అదే రూపంతో, అవే రబ్బరు మీటలతో కొత్త పెట్టె అమ్మకానికొచ్చింది. 48 ఆటలు అందులోనే ఉన్నాయి, క్యాసెట్ అక్కర్లేదు.