స్థానిక, వంశ చరిత్ర పరిశోధన (హిందూపురం, పెనుకొండ, ధర్మవరం)

ఈ మూడు పట్టణాలు 2022 ఏప్రిల్ 4 దాకా అనంతపురం జిల్లాలోవి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోవి. అనంతపురం జిల్లా కూడా 1882లోనే బళ్లారి నుంచి విడివడింది. కాబట్టి అంతకు ముందరి తాతల ఆచూకీని బళ్లారి జిల్లా రికార్డుల్లో వెతకాలి.

అన్నిటికన్నా విలువైన ఆధారాలు కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రను రాసిన ప్రతులు. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాక, కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి, కరణాలు చెప్పినవీ కవిలెల్లో (గ్రామ లెక్కల పుస్తకాల్లో) ఉన్నవీ ఇలా రాయించుకున్నారు. చెరువు ఎవరు తవ్వించారు, మాన్యం ఎవరికిచ్చారు, ఏ కరువుకు ఊరు పాడైంది అన్నవి వాటిలో దొరుకుతాయి. అయితే అవి విన్న మాటలు. శాసనాలతో సరిచూడకుండా నమ్మరాదు.

పెనుకొండ, హిందూపురం దగ్గరి లేపాక్షి శాసనాల్లో కన్నడమూ ఉంది. ఆ లిపి రానివారికి సగం చరిత్ర అందదు. 1565 తర్వాత పెనుకొండ విజయనగర రాజధాని కావడంతో ఇక్కడి దాన శాసనాలకు ప్రాముఖ్యం పెరిగింది.

సామాన్య కుటుంబాలకు భూమి రికార్డులే దిక్కు. ధర్మవరం నేతగాళ్ల వంటి భూమిలేని ఇళ్లవారికైతే ఇంటిపేరు, గోత్రం, కులదేవత, పెద్దల జ్ఞాపకమే దారి చూపుతాయి. భూమి రికార్డులు రాసే కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. వారి ఇళ్లలో మిగిలిన పాత కాగితాలకు చెదలు పట్టకముందే నకలు తీయడం అత్యవసరం.