మూలసామగ్రికి ధర్మకర్త లెవరు?

తూర్పు చాళుక్యుల తామ్రశాసనములను చూచినవారికి ఒక విషయము జ్ఞాపకముండును. రేకులన్నిటిని గ్రుచ్చి యుంచిన రాగి కడియము, దాని అతుకుపై వరాహలాంఛనము, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అను అక్షరములు గల రాజముద్ర. కడియము విప్పినగాని లోపలి వ్రాత చక్కగా చదువ వీలుకాదు. దానము పదిమందికి తెలియుటకే రాజు శాసనము వ్రాయించినాడు. అది దొరకినవారి పెట్టెలోనే ఉండిపోయినచో వ్రాయనిదానితో సమానము. ఆధారమును భద్రపరచుట ఎంత బాధ్యతయో, తోటివారికి అందించుటయు అంతే బాధ్యత. ఇందుకు గోదావరీమండలము నుండి రెండు నిదర్శనములు చెప్పుదుము.

మొదటిది ఏలూరు సోదరుల కథ. కావలి వెంకట బొర్రయ్య 1796లో కాలిన్ మెకంజీ కొలువున చేరినాడు. ఊరూర తిరిగి శాసనములకు నకళ్లు తీయుట, కరణముల కవిలెలు చూచి కైఫియతులు వ్రాయించుట ఆయన పని. 1803లో ముప్పది యేండ్లైన నిండకయే బొర్రయ్య మరణింపగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ భారము వహించినాడు. 1821లో మెకంజీ గతించినాడు. ఆ సంపుటములను కుంఫిణీవారు లక్ష రూపాయలకు ఆయన భార్యవద్ద కొన్నారు. 1828లో విల్సను పండితుడు వానికి పట్టిక ప్రకటించినాడు. కాని సామగ్రి లండను, కలకత్తా, మదరాసులకు చీలిపోయినది.

మిగిలిన పనిని తాను సాగింతునని లక్ష్మయ్య కోరినాడు. కలకత్తా ఆసియాటిక్ సొసైటీ వారు 1836లో, ఇది ఆయనకేకాదు, ఏ దేశీయునికిని తగిన పని కాదని అభిప్రాయపడినారు. సేకరించిన చేతులు ఏవో, ఏ ఊరిలో ఎవరు ఏమి చెప్పినారో ఎఱిగిన మనిషి ఆ విధముగా దూరమైనాడు. తరువాత ఆ గ్రంథములను పరీక్షించిన టైలరు దొరకు సిరా వెలిసిన కాగితములు, పురుగు తిన్న పుటలు కనబడినవి. కొన్నింటిని మరల ఎత్తి వ్రాయింపవలసి వచ్చినది. కుంఫిణీ కొనకపోయినచో అంతయు నశించి యుండెడిదేమో, ఆ మేలును కాదనము. కాని కొనుట వేఱు, కాపాడి వినియోగమునకు తెచ్చుట వేఱు.

రెండవది రాజమహేంద్రవరపు కథ. రాజరాజనరేంద్రుని పట్టాభిషేకమునకు తొమ్మిది వందల యేండ్లు నిండిన 1922లో అచ్చట ఆంధ్రేతిహాస పరిశోధక మండలి వెలసినది. భావరాజు వేంకటకృష్ణారావు, రాళ్లబండి సుబ్బారావు మున్నగువారు దానికి పాటుపడినారు. 1926లో మండలి తన పత్రికను ఆరంభించినది. దొరకిన శాసనముల పాఠమును, దానిపై తమ నిర్ణయమును కలిపి అందు ప్రకటించుచు వచ్చినారు. ఇది చిన్న విషయము కాదు. నిర్ణయము మాత్రమే చెప్పినచో పాఠకుడు నమ్మవలసినదే. పాఠముకూడ ఇచ్చినచో తప్పు పట్టగలడు. నారాయణభట్టునకు రాజరాజు ఇచ్చిన 1053 నాటి నందంపూడి శాసనపాఠము అచ్చులో ఉన్నందుననే, దాని రచయిత నన్నయ శైలిని భారతముతో పోల్చి చూచు అవకాశము ప్రతి విద్యార్థికిని కలిగినది.

నేడు కడియము విప్పుటయే చాలు, ఛాయాచిత్రము క్షణములో దేశమంతట చూడవచ్చును. నకళ్లు తీయుట కష్టమను సాకు తీరిపోయినది. ‘నా వ్యాసము ముందు వెలువడనిండు’ అను మాట మాత్రము మిగిలినది. కొంతకాలము ఆగుట న్యాయమే. వ్రాసినవాని శ్రమకు ఫలము దక్కవలయును. కాని ఆ కొంతకాలము జీవితకాలము కారాదు. పండితుడు పోయిన పిమ్మట ఇంటివారికి అక్షరములు తెలియవు, అటకమీది చెదలకు చరిత్ర తెలియదు.

కావున సేకరించిన ప్రతి ఆధారము వెంట మూడు మాటలు వ్రాసి యుంచవలెను: ఎచ్చట దొరకినది, ఎవరు తెచ్చినారు, ఇప్పుడు ఎచ్చట నున్నది. రెండవ మాట మరువకుండుటయే ఏలూరు సోదరులకు మనము తీర్పవలసిన ఋణము.