కొసమెరుపు కథల మేటి ఓ హెన్రీ

చివరి వాక్యం వరకు ముగింపును అంతుచిక్కనీయని కథలతో పాఠకులను అలరించిన అమెరికన్ రచయిత ఓ హెన్రీ. తెలుగువారు 'కొసమెరుపు' అని పిలుచుకునే కథన పద్ధతికి ఆయన పేరే పర్యాయపదమైంది. చమత్కారంతో లోకాన్ని నవ్వించిన ఆ కలం వెనుక, ఆయన జీవితాంతం దాచుకున్న ఒక చేదు అధ్యాయం ఉంది.

ఆయన అసలు పేరు విలియం సిడ్నీ పోర్టర్. 1862 సెప్టెంబరు 11న ఉత్తర కరోలినా రాష్ట్రంలోని గ్రీన్స్‌బరోలో జన్మించారు. మూడేళ్ల వయసులో తల్లి క్షయతో మరణించగా నాయనమ్మ, మేనత్తల వద్ద పెరిగారు. మందుల దుకాణంలో పనిచేస్తూ 1881లో ఫార్మసిస్టుగా అర్హత పొందారు. 1882లో టెక్సాస్ చేరి, అనంతరం ఆస్టిన్ నగరంలో బ్యాంకు గుమస్తాగా పనిచేశారు. 1894లో 'రోలింగ్ స్టోన్' అనే హాస్య వారపత్రికను నడిపారు.

జైలు నుంచే కథలు

బ్యాంకు లెక్కల్లో తేడాలపై నిధుల స్వాహా అభియోగం మోపడంతో 1896లో అరెస్టయ్యారు. విచారణకు ముందే హోండురాస్‌కు పారిపోయారు. భార్య అథోల్ క్షయతో మరణశయ్యపై ఉందని తెలిసి 1897లో తిరిగివచ్చి లొంగిపోయారు. అదే ఏడాది ఆమె కన్నుమూశారు. 1898లో న్యాయస్థానం అయిదేళ్ల శిక్ష విధించింది. ఆయన నిజంగా దోషియేనా అన్న విషయంపై భిన్నాభిప్రాయాలు ఇప్పటికీ ఉన్నాయి.

ఒహాయో రాష్ట్ర కారాగార ఆసుపత్రిలో రాత్రిపూట మందులిచ్చే పని చేస్తూనే ఆయన కథలు రాశారు. తన చిరునామా సంపాదకులకు తెలియకుండా వాటిని న్యూ ఆర్లియన్స్‌లోని మిత్రుని ద్వారా పంపేవారు. తండ్రి వ్యాపార పనిపై వెళ్లారని మాత్రమే కుమార్తె మార్గరెట్‌కు చెప్పారు. సత్ప్రవర్తన కారణంగా 1901లో ముందుగానే విడుదలయ్యారు.

సామాన్యులే కథానాయకులు

1902లో న్యూయార్కు చేరి, 'వరల్డ్' పత్రిక ఆదివారం సంచికకు వారం వారం కథ అందించారు. నగరంలో చెప్పుకోదగినవారు 400 మందేనన్న సంపన్నుల ధోరణికి జవాబుగా 1906 నాటి సంపుటికి 'ది ఫోర్ మిలియన్' అని పేరు పెట్టారు. ఆ 40 లక్షల మందిలోని దుకాణపు ఉద్యోగినులు, గుమస్తాలు, దేశదిమ్మరులే ఆయన పాత్రలు. 1904లో వచ్చిన 'క్యాబేజెస్ అండ్ కింగ్స్'లో 'బనానా రిపబ్లిక్' అనే మాటను సృష్టించిందీ ఆయనే.

1905లో వెలువడిన 'ది గిఫ్ట్ ఆఫ్ ది మేజై'లో భర్త గడియారానికి గొలుసు కొనేందుకు భార్య తన జుట్టు అమ్ముతుంది. ఆమె జడకు దువ్వెనలు కొనేందుకు భర్త ఆ గడియారాన్నే అమ్ముతాడు. కానుకలు రెండూ నిరుపయోగమైనా వారి ప్రేమ గెలుస్తుంది. ఈ కథ ప్రేరణతో 2004లో 'రెయిన్‌కోట్', 'ది లాస్ట్ లీఫ్' ఆధారంగా 2013లో 'లుటేరా' హిందీ చిత్రాలు వచ్చాయి.

మద్యపానంతో ఆరోగ్యం క్షీణించి 1910 జూన్ 5న, 47వ ఏట ఆయన మరణించారు. ఆయన స్మారకంగా 1919 నుంచి ఉత్తమ కథలకు ఓ హెన్రీ పురస్కారం అందజేస్తున్నారు. గతాన్ని మరుగుపరచుకునేందుకు అక్కరకొచ్చిన కలం పేరే కథకులకు గౌరవచిహ్నంగా మారింది.